పెరటి పందుల పెంపకము: పందిని తెచ్చుటకు ముందు చేయవలసిన సన్నాహము

(వార్షిక మహాసభయందు చదువబడిన ఉపన్యాసము)



విద్యను గూర్చియు, ఉద్యోగములను గూర్చియు, మన హక్కులను గూర్చియు మాటలాడుటకు మాకంటె సమర్థులు ఈ వేదికమీద నున్నారు. మాకు నిర్వాహకులు అప్పగించిన విషయము పందుల పెంపకము. ఈ మాట చెవిని బడగానే సభలోని యువకులలో కొందరు తల వంచుకొనుట మేము చూచితిమి. పట్టణమున చదువుకొను మన ఎరుకల బిడ్డ, తండ్రి వృత్తి యేమని యెవరైన నడిగినప్పుడు వ్యవసాయమని చెప్పి తప్పించుకొనుటయు నెరుగుదుము. ఆ బిడ్డను మేము నిందింపము. పందుల నమ్మిన రూకలతోనే తనకు పుస్తకములు కొనబడిన సంగతి వానికి తెలియును. తెలిసియు చెప్పుకొనలేకపోవుట వాని దుఃఖము. మేము నేడు చెప్పబోవున దంతయు, ఆ బిడ్డ తల యెత్తి తండ్రి వృత్తిని చెప్పుకొనగల దినమును గూర్చియే.

ముందుగా ఒక పాత సంగతి స్మరింతము. మన పూర్వులలో పెక్కండ్రు ఎద్దులమీదను గాడిదలమీదను ఉప్పు వేసికొని, సముద్రతీరమునుండి లోపలి సీమలకు పోయి, ధాన్యమునకు మార్చుకొని గౌరవముగ జీవించినవారు. 19వ శతాబ్ది ఉత్తరార్ధమున రైలుమార్గములు వచ్చి ఆ వర్తకమును హరించినవి. దారి పోయినవారిని దారిదోపిడికాండ్రని లోకము శంకించినది. 1871లో ఉత్తరహిందూస్థానమున పుట్టిన నేరజాతుల చట్టము 1911 నాటి చట్టముతో మదరాసు రాజధానికిని వ్యాపించి, 1952 నాటికి గాని దేశమంతట రద్దు కాలేదు. రైలు వచ్చుచున్నది, వేరుదారి చూచుకొనుడని నాడు మన తాతలకు చెప్పినవారు లేరు.

నేడట్లు కాదు. వీధిపంది కాలము ముగియుచున్నదని మనకు స్పష్టముగ తెలియుచున్నది. ఊరూర పురపాలకులు వలలతో పందులను పట్టించి దూరమునకు తరలించుచున్నారు. మేము కాపురముండిన యొక పట్టణమున, ఒక రాత్రి యిట్లే బండ్లు వచ్చి పదునేడు పందులను గొనిపోయినవి. అందు మా తల్లి ఆడపంది యొకటి. నాలుగు దినములలో ఈనవలసినది. తెల్లవారి ఆమె ఆ పందికి కుడితి పోయు తొట్టిని కడిగి గోడకు బోర్లించినది. ఎవరిని నొకమాట యనలేదు. ఆ తొట్టి మరల తిరుగవేయబడలేదు. దేశము మొత్తముమీద చూచినను 2012లో 1 కోటి 3 లక్షలుగ నున్న పందుల సంఖ్య 2019 పశుగణనమునాటికి 90 లక్షల 60 వేలకు దిగినది.

కావున వీధి పోయినది. వృత్తి మిగులవలెనన్న పంది పెరటిలోనికి రావలెను. ఇంతవరకు పలువు రంగీకరింతురు. అయితే ఇచ్చటనే మనవారు పొరబడుచున్నారు. పందిని దొడ్డిలో త్రోసి తలుపు మూసినంత మాత్రమున పెంపక మగునని తలచుచున్నారు. అది కాదు. వీధి మన పందికి కొన్ని వస్తువులను ఉచితముగ నిచ్చుచుండెను: మేత, నీరు, బురదగుంట, మట్టిలోని ధాతువులు, జత. తలుపు మూసిననాడు ఇవన్నియు నిలిచిపోవును. వీధి యిచ్చుచుండిన ప్రతి వస్తువును ఇకమీదట మనమే యియ్యవలెను. దానిని ముందుగా సమకూర్చుకొని పిమ్మట పందిని తెచ్చుటయే సన్నాహము. పందిని ముందు తెచ్చి, సన్నాహమును పిమ్మట చేయువాడు తన రూకలను సంతలో పారవేసి వచ్చినవాడే.

మొదటిది స్థలము. కొట్టము ఇంటికి గాలివాలున ఉండవలెను. పొరుగువాని వాకిటికి ఎదురుగ నుండరాదు. త్రాగునీటి బావికి ఎంత దూరమైన నంత మంచిది. వాననీరు నిలువని మెరకనేల కావలెను. పంచాయతీవారి యొద్దగాని పురపాలకులయొద్దగాని అనుమతి వ్రాతమూలముగ పొందవలెను. పొరుగువానితో ముందుగా మాటలాడుట కాగితముకంటెను ముఖ్యము. కట్టిన పిదప తగవు వచ్చిన కొట్టమును కదల్చలేము గదా.

రెండవది కొట్టము. పెరుగు పందికి కప్పుక్రింద 10 మొదలు 20 చదరపు అడుగుల చోటును, బయట తిరుగుటకు మరి యంత చోటును కావలెను. పిల్లలతో నున్న తల్లికి 75 మొదలు 95 చదరపు అడుగులు కావలెను. గోడ నాలుగైదడుగుల యెత్తు చాలును. నేల గట్టిగ నుండవలెను గాని నున్నగ నుండరాదు; నున్నని సిమెంటుమీద చూడిపంది జారి పడును. మూరకు ఒక వ్రేలెడు వాలు కాలువవైపునకు పెట్టిన కడిగిన నీరు నిలువదు. మన యెండలకు ఇనుపరేకు తగదు. తాటాకుగాని పెంకుగాని మేలు, లేదా రేకుమీద మందముగ గడ్డి పరువవలెను. కొట్టము పొడవు తూర్పుపడమరలుగ నుండిన మధ్యాహ్నపుటెండ లోపలికి రాదు. ఈనెడు గదిలో గోడ పొడవునను, నేలకు జానెడెత్తున, గోడకు జానెడెడముగ ఒక వాసము బిగింపవలెను. తల్లి ప్రక్కకు ఒరగినప్పుడు పిల్లలు ఆ వాసముక్రింద దూరి ప్రాణము దక్కించుకొనును. అంత చిన్న వాసము లేక తల్లిక్రింద నలిగిన పిల్లలెన్నో మీలో ననుభవజ్ఞులకు తెలియును.

మూడవది నీరు. పంది బురదలో పొరలుట దాని నీచగుణమని లోకము నవ్వును. అది తెలియనితనము. పందికి మనవలె చెమట పట్టదు. ఒంటి వేడిని తగ్గించుకొనుటకు తడియే దానికి ముఖ్యసాధనము. చల్లని మంచినీరు పై నుండి చల్లుడు, లేదా కొట్టము ప్రక్కన మోకాటిలోతు తొట్టి కట్టి నీరు నింపుడు. అది మురుగువంక పోనే పోదు. త్రాగుటకు ఎదిగిన పందికి దినమునకు 8 మొదలు 15 లీటర్లును, పాలిచ్చు తల్లికి 20 మొదలు 30 లీటర్లును కావలెను. కడుగుటకు కావలసినది దీనికి అదనము. వైశాఖమాసమున మీ పెరటి బావిలో గాని కుళాయిలో గాని ఇంత నీరుండునా యని లెక్క చూచి పిమ్మట పందుల సంఖ్యను నిర్ణయింపుడు.

నాలుగవది మేత. ఇచ్చటనే పెక్కు కాపురములు చితికినవి. పంది పెంపకమున ఖర్చులో సుమారు ముప్పాతికభాగము మేతదే. ఒక చిన్న లెక్క చెప్పెదము. పాలు మాన్పిన 12 కిలోల సంకరజాతి పిల్ల 80 కిలోల బరువునకు రావలెనన్న, కిలో బరువునకు మూడున్నర మొదలు నాలుగు కిలోల మేతచొప్పున, సుమారు 250 కిలోల మేత తినును. రెండు పిల్లల దెచ్చినవాడు ఐదు క్వింటాళ్ల మేతకు దారి చూచుకొని యుండవలెను. ఐదు క్వింటాళ్ల కొకేసారి డబ్బు పెట్టనక్కరలేదు. కాని అది ఎచ్చటినుండి వచ్చునో ముందుగా తెలిసియుండవలెను. బియ్యపుమిల్లు తవుడును నూకలును, మొక్కజొన్న, వేరుశనగచెక్క మన సీమలో దొరకును. చెక్కకు బూజు పట్టినయెడల అది విషము. చౌక యని కొనరాదు. పెరటిలోనే చిలగడదుంప తీగయు, బచ్చలియు, అవిసెయు పెంచిన పచ్చిమేత కొంత గడచును. పచ్చిమేత తోడు మాత్రమే, దానితోనే పంది పెరుగదు.

ఫలహారశాలల యెంగిలియన్నమును తెచ్చుట మనలో వాడుక. తప్పు లేదు, పారవేయబడు నన్నము మాంసముగ మారుట మంచిదే. అయితే దానిని కాచకుండ పోయరాదు. వడబోసి, ప్లాస్టికు ముక్కలను పుల్లలను ఏరివేసి, అడుగంటకుండ కలుపుచు, కుతకుత నుడుకుచుండగా ఒక గంట కాలము పొయ్యిమీద నుంచవలెను. పందిమాంసపు తునక యొక్కటి అందులో పచ్చిగ నుండినను మన మంద యంతయు నాశనము కావచ్చును. ఏల యందురా, చెప్పెదము.

2020వ సంవత్సరమున అస్సామునందును అరుణాచలప్రదేశమునందును ఆఫ్రికన్ స్వైన్ ఫీవర్ అను పందిజ్వరము మన దేశమున మొదటిసారి కనబడినది. 2021లో మిజోరామునకును, 2022లో కేరళమందలి వయనాడునకును ప్రాకినది. ఇది మనుష్యులకు సోకదు. కాని సోకిన పంది బ్రతుకుట అరుదు. దీనికి మన దేశమున టీకా లేదు. రోగము తేలిన చోటనుండి ఒక కిలోమీటరు చుట్టు గల పందులనన్నిటిని చంపింపవలెనని ప్రభుత్వపు నిబంధన. పచ్చిమాంసపు మిగులు, కొత్తగ తెచ్చిన పంది, వర్తకుని చెప్పులు, బండిచక్రములు దీనికి దారులు. మన దేశమున చాలకాలమునుండి యున్న మరియొక పందిజ్వరమునకు టీకా కలదు. దానిని రెండునెలల వయసున వేయించి యేటేట మరల వేయింపవలెను. గాలికుంటునకును టీకా వేయింపవలెను.

ఈ విషయమున మా తప్పు నొకటి సభాముఖమున చెప్పుకొందుము. మాకు ఇరువదియేండ్ల ప్రాయమున, సంతలో పిల్లలు చౌకగ వచ్చినవని నాలుగింటిని గోనెలో కట్టి సైకిలుమీద తెచ్చి, ఆ రాత్రియే ఇంటి పందులతో కలిపితిమి. అవి చౌకగ వచ్చిన కారణము విచారింపలేదు. అయిదవనాడు రెండు మేత మానినవి. చెవులును కడుపును ఎఱ్ఱనై నల్లబారినవి. పదునొకండు దినములలో ఆ నాలుగును, వానితోడ మూడు పెద్దవియు పోయినవి. అంతకంటె పెద్ద తప్పు, నాలుగవది నిలుచుండగనే దానిని అమ్మజూచితిమి. కొన వచ్చినవాడు మా మేనమామ వరుసవాడే. మా తల్లి వచ్చి బేరము చెడగొట్టినది. ఆమె యడ్డుపడకున్న మా రోగమును మా బంధువుల దొడ్డికి పంపియుందుము.

సోదరులారా, రోగపు పందిని తొందరగ అమ్మివేయుట మనలో తెలివియని చెల్లుచున్నది. అది తెలివి కాదు, మన కులమునకు మనమే చేయు ద్రోహము. క్రొత్త పందిని 30 దినములు వేరుగ నుంచవలెను. దాని మేతగిన్నె వేరు, దానిని చూచువాని చెప్పులు వేరు. కొట్టము వాకిట బ్లీచింగుపొడి కలిపిన నీటితొట్టి నుంచి, లోనికి వచ్చువారందరు అందు కాలు పెట్టి రావలెను. వర్తకుని వాకిటనే నిలుపవలెను. పంది రోగపడిన వెంటనే పశువైద్యునికి చెప్పవలెను. చచ్చినదానిని తినక, కాలువలో వేయక, లోతుగ గోయి తీసి సున్నము చల్లి పూడ్చవలెను.

ఐదవది, వీధి మట్టిలోనుండి వచ్చుచుండిన ధాతువు. పందిపాలలో ఇనుము మిక్కిలి తక్కువ. వీధిలో పుట్టిన పిల్ల మట్టిని కెలకి దానిని సంపాదించుకొనును. సిమెంటునేలమీద పుట్టిన పిల్లకు మట్టి యెక్కడిది? రెండుమూడు వారములలో అది పాలిపోయి, ఎగరోజి, చచ్చును. తల్లిపా లున్నవి గదా, పిల్ల యేల చచ్చెనని మనవారు దిష్టి తీయుదురు. పుట్టిన మూడునాలుగు దినములలో ఇనుము సూదిమందు వేయించిన ఆ పిల్ల బ్రతుకును. ముర్రుపాలు మాత్రము పుట్టిన కొలది గంటలలోనే త్రాగింపవలెను.

ఆరవది జత. వీధిలో ఆడపంది తన జతను తానే వెదకుకొనును. దొడ్డిలో అట్లు కాదు. ఇంటి పోతును దాని బిడ్డలకే జత చేయుచు పోయిన, పిల్లలు తగ్గి, బలము సన్నగిల్లును. ఎద 21 దినముల కొకసారి వచ్చి రెండుమూడు దినము లుండును. కట్టిన తేది వ్రాసికొనవలెను. చూలు 114 దినములు, అనగా మూడునెలల మూడువారముల మూడుదినములు. ఈ లెక్క జ్ఞాపకముంచుకొనుట సులభము. ఆడపందిని ఎన్నునప్పుడు చన్నులు 12కు తగ్గకుండ చూచుకొనుడు. చన్ను లేని పిల్లకు పాలు లేవు. అయితే మా సలహా యేమనగా, మొదటి యేడు ఆడపందినే కొనవలదు. పాలు మాన్పిన రెండు మూడు పిల్లలను కొని పెంచి అమ్ముడు. ఒక్కదానినే పెంచరాదు, ఒంటరిపంది సరిగ మేయదు. ఆ యేటి లెక్క నష్టము లేక తేలిన పిమ్మట ఈనుపందిని గూర్చి తలంపుడు.

జాతిని గూర్చి ఒకమాట. మన నల్ల నాటుపంది గట్టిది, కాని పెరుగుట నెమ్మది, పిల్లలు తక్కువ. లార్జి వైట్ యార్క్‌షైర్ అను తెల్లపంది త్వరగ పెరుగును, కాని యెండకు తాళదు, మేతకు లోపమైన కృశించును. ఈ రెంటి సంకరము మన పెరటికి తగును. తిరుపతిలోని శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయమున ముప్పాతిక యార్క్‌షైర్, పాతిక నాటు రక్తముతో ఎస్.వి.వి.యు. టి-17 అను సంకరమును తయారుచేసిరి. సంతకు పోవుటకంటె ఇట్టి తెలిసినచోటనుండి వ్రాతపూర్వకముగ పిల్లలను తెచ్చుకొనుట క్షేమము.

ఇప్పుడు లోకము మనపై మోపు నిందను గూర్చి నిజము చెప్పుకొనవలెను. 1999లో ఆంధ్రప్రదేశమున మెదడువాపు ప్రబలి పసిబిడ్డలు పోయినప్పుడు, పందులే కారణమని మన గుడిసెలమీదికి వచ్చిరి. ఆ వ్యాధిని మోయునది వరిచేలలో పుట్టు దోమ. కొంగలలో ఆ విషము సహజముగ నుండును. అయితే పందిలో ఆ విషము వృద్ధి పొంది, దానిని కుట్టిన దోమద్వారా మనుష్యునకు వచ్చుట సత్యము. అట్లే, మనుష్యుని మలము తిన్న పందికి బద్దెపురుగు తిత్తులు కలుగును. ఆ మాంసము సరిగ నుడుకకుండ తిన్నవానికి బద్దెపురుగు పట్టును. దాని గ్రుడ్లు కడుపులోనికి పోయినవారికి అవి మెదడు జేరి మూర్ఛలు వచ్చును. ఈ నింద కోపముతో పోదు, కొట్టముతో పోవును. కొట్టము పడకగదులకు దూరముగ నుంచుడు, దోమతెరలు వాడుడు, పిల్లలకు మెదడువాపు టీకా ఇచ్చుచోట తప్పక వేయింపుడు, ఇంటింట మరుగుదొడ్డి కట్టుడు. పందికి మనిషి మలము అందని యింట ఆ పురుగు చుట్టు తెగిపోవును.

పేడనుకూడ సొమ్ముగ చూడవలెను. కప్పు గల గోతిలో గడ్డితో కలిపి మాగవేసిన ఎరువును పొరుగు రైతులు కొందురు. నింద వేసిన పొరుగువాడే ఎరువునకై బండి తెచ్చినప్పుడు తగవు సగము తీరును.

డబ్బు మాట. 2021లో సవరింపబడిన జాతీయ పశుసంపద పథకమున పెట్టుబడిలో సగము సహాయము వంద ఆడపందుల వంటి పెద్ద దొడ్లకొరకు ఏర్పరుపబడినది. మన పెరటికి అది యందలేదు. కాని కిసాను క్రెడిటు కార్డు 2019నుండి పందుల పెంపకందార్లకును వర్తించుచున్నది. మేతకు వడ్డీవ్యాపారియొద్దకు పోకుండ బ్యాంకునకు పోయి అడుగుడు. మన యిండ్లలో పందిని నిజముగ పెంచువారు స్త్రీలు. కుడితి కలుపువారు వారే, ఈనునాటి రాత్రి మేలుకొనువారు వారే. కావున కార్డును, లెక్కపుస్తకమును వారి పేరనే యుండుట న్యాయము.

పోషకులకు మా విన్నప మొక్కటి. బహుమతులును సన్మానములును కొంత తగ్గించి, మన కుటుంబములు గల ప్రతి మండలమున ఒక మాదిరి కొట్టము కట్టించుడు. ఊరిలోని పందులన్నిటికి ఒకే దినమున టీకాలు వేయించు నేర్పాటు చేయింపుడు. చదువుకొన్న యువకు నొకనికి ఆ పని నేర్పించుడు. తల వంచుకొన్న ఆ యువకుడే యందుకు తగినవాడని మా నమ్మకము. లెక్క వ్రాయుట, తేదీలు చూచుట, అధికారులతో మాటలాడుట అతనికి వచ్చును, మన తండ్రులకు రాలేదు.

సోదరీసోదరులారా, ఇంటికి పోయి నేడే పందిని కొనవలదు. ముందు పెరటిలో నిలుచుండి నీరు ఎక్కడిది, మేత యెక్కడిది, నీడ యెక్కడ, మురుగు ఎటు పోవునని నాలుగుమాటలు మీలో మీరే యడిగికొనుడు. నాలుగింటికిని జవాబు దొరకిననాడు సంచి పట్టుకొని బయలుదేరుడు. మా తల్లి బోర్లించిన తొట్టి ఇంకను మా యింట గోడవారనే యున్నది. దానిని తిరుగవేయు దినము వచ్చినదని మేము నమ్ముచున్నాము. ఈ యేడు మేము కొట్టముతో మొదలుపెట్టితిమి, పంది యింకను రాలేదు.